శ్రీకాకుళం డాక్టరు, కాంగ్రా లోయ ఉప్పు

నేను పిల్లల డాక్టరును కాను. ప్రభుత్వ ఆస్పత్రిలో పెద్దల జబ్బులు చూసే ఫిజీషియన్‌ని. అయినా కొన్నేళ్ల కిందట మా ఓపీకి తల్లి వెంట వచ్చిన ఒక పాప నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంటుంది. తల్లి తన థైరాయిడ్ మందులు రాయించుకోవడానికి వచ్చింది. పాపకు తొమ్మిదేళ్లని చెప్పింది. చూడ్డానికి మాత్రం నాలుగైదేళ్ల పిల్లలా ఉంది. మొహం కాస్త ఉబ్బి, చర్మం పొడిబారి, మాట ఒకటీ అరా తప్ప రాక, బల్ల మీద కూర్చోబెడితే కూర్చున్నట్టే ఉండిపోయింది. పుట్టినప్పుడు ఎలా ఉండేదని అడిగాను. చాలా మంచి బిడ్డండీ, ఏడ్చేదే కాదు, పాలకు కూడా నేనే లేపేదాన్నని తల్లి మురిపెంగానే చెప్పింది. ఆ మాట విన్నాక రక్తపరీక్ష ఏం చెబుతుందో నాకు తెలిసిపోయింది.

మాత్ర మొదలుపెట్టాం. ఆరు నెలల్లో మలబద్ధకం పోయింది, ఒంట్లో చురుకు వచ్చింది, ఏడాదిలో ఎత్తు బాగా పెరిగింది. తల్లి సంతోషించింది. కానీ చదువు, మాట ఆశించినంతగా రాలేదు. ఎముకకు ఆలస్యంగా అందినా హార్మోను పనిచేస్తుంది. మెదడు అంతకాలం వేచి ఉండదు. రోజుకొక చిన్న మాత్ర పుట్టిన రెండు వారాల్లో మొదలై ఉంటే ఆ పాప ఈపాటికి నాలుగో తరగతిలో తోటిపిల్లలతో పోట్లాడుతూ ఉండేది.

ఇవాళ మీకు చెప్పబోయే మనిషి ఇలాంటి పిల్లల్ని ఒకరిద్దరిని కాదు, ఊళ్లకు ఊళ్లుగా చూశాడు. ఆయన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో 1944లో ఎంబీబీఎస్, 1946లో ఎండీ పూర్తి చేశారు. వైద్యరంగంలో ఈ పేరు తెలియనివాళ్లు ఉండరు. బయట మాత్రం మన తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు. మీ వంటింట్లో పొయ్యి పక్కనున్న ఉప్పు డబ్బా మీద అయోడైజ్డ్ అన్న మాట అచ్చయి ఉందంటే, దాని వెనక ఈయన చెయ్యి చాలానే ఉంది.

ఎండీ అయ్యాక ఆయన ప్రాక్టీసు పెట్టలేదు. 1947లో నీలగిరి కొండల్లోని కూనూరుకు వెళ్లి అక్కడి పోషకాహార పరిశోధనశాలలో చేరారు. ఆ పరిశోధనశాలే తర్వాత 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మనం ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్నది దాన్నే. దాన్ని స్థాపించిన రాబర్ట్ మెకారిసన్ అనే బ్రిటిష్ డాక్టరుకు కూడా గాయిటర్ పిచ్చి ఉండేది. గాయిటర్ అంటే గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి ఉబ్బి కాయలా కనిపించడం. మెకారిసన్ కూనూరు రాకముందు, ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో గిల్గిత్, చిత్రాల్ లోయల్లో పనిచేశాడు. అక్కడ గొంతు కాయలున్న పెద్దవాళ్లనూ, వాళ్లకు పుట్టిన మాట రాని, నడక సరిగా లేని పిల్లలనూ చూసి 1908లోనే రాశాడు. కారణం నీళ్లలోని మురికి అనుకుని ఆ మడ్డిని తాను తాగి, ఇంకొందరితో తాగించి చూశాడు కూడా. జబ్బును గమనించడంలో ఆయన కన్ను గొప్పది, కారణం విషయంలో దారి తప్పాడు. నలభై ఏళ్లకు పైగా గడిచాక ఆయన పెట్టిన సంస్థ నుంచే వచ్చిన మన శ్రీకాకుళం డాక్టరు అదే హిమాలయాల్లో అదే జబ్బు మీద పనిచేయడం నాకెప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

కూనూరు నుంచి రామలింగస్వామి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లి 1951లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. తిరిగొచ్చాక 1954లో ఢిల్లీలో భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్‌లో చేరారు. హిమాలయాల దిగువన గాయిటర్ పరిస్థితి చూడాలన్న పని అప్పుడు పట్టుకున్నారు. వృత్తిరీత్యా ఆయన పాథాలజిస్టు. మైక్రోస్కోపు దగ్గర కూర్చుని ముక్కలు పరీక్షించాల్సిన మనిషి. కొండదారుల్లో నడిచి ఊళ్లు తిరిగి పిల్లల గొంతులు తడిమి చూడటం ఆ రోజుల్లో ఆ డిపార్టుమెంటువాళ్లు చేసే పని కాదు.

కాంగ్రా లోయ ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. అప్పట్లో పంజాబులో ఉండేది. ధౌలాధార్ మంచు కొండల కింద పచ్చటి వరిచేలు, టీ తోటలు. చూస్తే ఇక్కడ ఏ లోటు ఉంటుందిలే అనిపిస్తుంది. లోటు నేలలో ఉంది. వేల ఏళ్లుగా మంచు, వానలు నేలపైపొరలోని అయోడిన్‌ను కడిగి నదుల్లోకి, అక్కణ్నుంచి సముద్రంలోకి తోసేశాయి. నేలలో లేనిది పంటలో ఉండదు, పంటలో లేనిది పశువు పాలల్లో ఉండదు, మనిషి ఒంట్లోకీ రాదు. ఆ లోయలో నూటికి దాదాపు నలభై మందికి గాయిటర్ ఉన్నట్టు లెక్క తేలింది.

గొంతు ఎందుకు ఉబ్బుతుందో ఒక్కమాటలో చెప్పుకుందాం. థైరాయిడ్ హార్మోను తయారీకి ముడిసరుకు అయోడిన్. థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి, అందుకే దాన్ని టీ4 అంటాం. ముడిసరుకు అందకపోతే హార్మోను తగ్గుతుంది. తగ్గిందని మెదడు కిందనున్న పిట్యూటరీ గ్రంథి పసిగట్టి, టీఎస్‌హెచ్ అనే ఆదేశాన్ని పంపుతూనే ఉంటుంది. మీరు ల్యాబుకు వెళ్లి చేయించుకునే టీఎస్‌హెచ్ ఇదే. ఆ ఒత్తిడికి గ్రంథి పెరిగి పెరిగి, దొరికిన కాస్త అయోడిన్‌నూ పట్టుకోవాలని చూస్తుంది. అంటే గాయిటర్ ఒక రకంగా ఒంటి కష్టజీవితనమే.

అయోడిన్ ఇస్తే గాయిటర్ తగ్గుతుందని స్విట్జర్లాండ్, అమెరికా అప్పటికే చూపించాయి. 1920ల నుంచే అక్కడ అయోడిన్ ఉప్పు ఉంది. మరి కాంగ్రాలో కొత్తగా తేల్చాల్సిందేమిటి? రెండు సంగతులు. ఆ దేశాల్లో వాడిన పొటాషియం అయోడైడ్ మన తేమకూ, మన గరుకు ఉప్పుకూ నిలవదు. గోనెసంచిలో, వానలో, రైల్లో వెళ్లేసరికి చాలావరకు ఎగిరిపోతుంది. దానికి బదులు పొటాషియం అయోడేట్ అనే ఇంకో లవణం గట్టిగా నిలుస్తుంది. అది ఊళ్లలో పనిచేస్తుందా అన్నది మొదటి ప్రశ్న. ఉప్పు ఒక్కటే కారణమని సర్కారును నమ్మించేంత పకడ్బందీ రుజువు కావాలన్నది రెండోది. అప్పటికి గాయిటర్‌కు నీళ్లూ, సున్నమూ, ఇంకేవేవో కారణాలు చెప్పేవాళ్లు చాలామందే ఉండేవారు.

1956లో సుమారు లక్ష జనం ఉన్న ప్రాంతాన్ని ఎంచుకుని మూడు జోన్లుగా విడగొట్టారు. జోన్ ఏకు పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు వెళ్లింది. జోన్ సీకి అయోడేట్ కలిపిన ఉప్పు. మధ్యలో జోన్ బీకి మామూలు ఉప్పు. ఎస్.ఎస్. సూచ్ అనే డాక్టరు ఆయనకు ఈ పనిలో కుడిభుజం. అధ్యయనం నడుస్తుండగానే 1957లో రామలింగస్వామి ఢిల్లీ ఎయిమ్స్‌లో పాథాలజీ ప్రొఫెసరయ్యారు. కాంగ్రాను మాత్రం వదల్లేదు. 1962లో మళ్లీ లెక్క తీస్తే ఏ, సీ జోన్లలో గాయిటర్ సగానికి, అంతకంటే కిందికి పడిపోయింది. జోన్ బీలో ఉన్నచోటే ఉంది. ఆ తర్వాత జోన్ బీకి కూడా అయోడేట్ ఉప్పు మొదలుపెట్టారు, అక్కడా తగ్గింది. ఆ 1962లోనే మన దేశంలో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. జోన్ బీలో ఆరేళ్లపాటు పుట్టిన పిల్లల సంగతేమిటి? అయోడిన్ మేలు చేస్తుందని తెలిసీ ఒక ప్రాంతాన్ని పోలిక కోసం అలా ఉంచడానికి ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. నేను కమిటీలో ఉన్నా ఒప్పుకోను. ఆయన్ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆనాడు లెక్కలో ఉన్నది గొంతు మీది కాయ మాత్రమే. కాయ వల్ల ప్రాణం పోదు, కొన్నాళ్లు ఆగినా ఫరవాలేదు అనుకున్న రోజులవి. అసలు నష్టం గొంతులో కాదు, తలలో జరుగుతోందని, అది కంటికి కనిపించే కొద్దిమంది పిల్లలతో ఆగదని లోకానికి స్పష్టంగా అర్థమయ్యేసరికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఆ అర్థం చేయించినవాళ్లలోనూ ముందువరసలో ఈయనే ఉన్నారు. ఆ రెండు నిజాలనూ కలిపే చూడాలి.

తలలో ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చదవండి. ముఖ్యంగా మీ ఇంట్లో గర్భవతి ఉంటే.

కప్పపిల్ల తెలుసు కదా, తోకతో ఈదే తలపిరికె. దానికి థైరాయిడ్ హార్మోను అందకపోతే ఎన్నాళ్లయినా కప్ప కాదు, తోకతో అలాగే పెరుగుతూ పోతుంది. హార్మోను అందించారా, రోజుల్లో కాళ్లు మొలుస్తాయి. పెరగడం వేరు, పక్వానికి రావడం వేరు. మన మెదడులోనూ ఈ హార్మోను చేసేది ఆ రెండో పనే. రక్తంలోని టీ4 మెదడులోకి వెళ్లాక, న్యూరాన్లకు తోడుండే ఆస్ట్రోసైట్ అనే కణాలు అందులోంచి ఒక అయోడిన్‌ను తీసేసి టీ3గా మారుస్తాయి. ఈ టీ3 న్యూరాన్ కేంద్రకంలోకి వెళ్లి, ఏ జన్యువు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో చెబుతుంది. పుట్టినచోటి నుంచి న్యూరాన్ తన పొరలోకి సర్దుకోవడం, కొమ్మలు రెమ్మలు వేసి పక్క కణాలతో ముడిపడటం, నరానికి మైలిన్ అనే తొడుగు రావడం అన్నీ ఈ ఆదేశాల మీదే నడుస్తాయి. ఒళ్లు తూలకుండా నిలబెట్టే చిన్నమెదడు, జ్ఞాపకానికి ఆధారమైన హిప్పోక్యాంపస్, లోపలి చెవిలోని కాక్లియా దీని మీద మరీ ఎక్కువగా ఆధారపడతాయి. ఈ పనులకు ఒక్కోదానికి ఒక్కో గడువుంది. గడువు దాటాక హార్మోను ఎంత పోసినా ఆ గది మళ్లీ కట్టుకోదు.

గర్భంలో మొదటి మూడు నెలలు బిడ్డకు సొంత హార్మోను లేదు. సుమారు పన్నెండు వారాలకు దాని గ్రంథి పని మొదలుపెట్టినా, నాలుగైదు నెలలు దాటాక గానీ చెప్పుకోదగ్గంత తయారుచేయదు. అంతవరకు అంతా అమ్మదే. మాయ గుండా అమ్మ రక్తంలోంచి అందాల్సిందే.

మా ఓపీకి వచ్చిన పాపను ఇప్పుడు మళ్లీ తలుచుకోండి. ఆ పాపకు పుట్టుకతోనే గ్రంథి సరిగా లేదు. కానీ గర్భంలో ఉన్నన్నాళ్లూ మందు వేసుకుంటున్న తల్లి హార్మోను కొంత కాపు కాసింది. బొడ్డు కోశాక ఆ సాయం ఆగిపోయింది. అందుకే ఇలాంటి పిల్లలకు పుట్టిన రెండు వారాల్లోపు మందు మొదలుపెడితే దాదాపు అందరూ మామూలుగా చదువుకుంటారు. కాంగ్రా లాంటి చోట అలా కాదు. అక్కడ తల్లికే అయోడిన్ లేదు, బిడ్డకూ లేదు. కడుపులో మొదటి నెల నుంచే ఇద్దరూ ఖాళీ. పుట్టాక మాత్ర ఇచ్చినా, చెవి, మాట, నడకలకు జరిగిన నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. దానికి మందు ఆస్పత్రిలో లేదు, గర్భం రాకముందు తల్లి తిన్న ఉప్పులోనే ఉంది. మెకారిసన్ గిల్గిత్‌లో చూసిన మాట రాని పిల్లల కథ ఇదే.

రామలింగస్వామి 1969 నుంచి పదేళ్లు ఎయిమ్స్ డైరెక్టరుగా, తర్వాత 1986 దాకా ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్‌గా ఉన్నారు. ఆ కుర్చీల్లో కూర్చున్నాక పరిశోధన వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆయన కొచ్చుపిళ్లై, కర్మార్కర్ వంటి సహచరులతో కలిసి ఉత్తరప్రదేశ్ తరాయి ప్రాంతంలో గోండా, గోరఖ్‌పూర్, దేవరియా జిల్లాల్లో పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తాన్ని వడపోత కాగితం మీద చుక్కలుగా సేకరించి హార్మోన్లు కొలిపించారు. అయోడిన్ సరిగా అందే దేశాల్లో ఇలా హార్మోను లేకుండా పుట్టే బిడ్డలు మూడు నాలుగు వేలమందికి ఒకరుంటారు. ఈ జిల్లాల్లో వెయ్యిమందికి పదుల సంఖ్యలో తేలారు. చూడ్డానికి వాళ్లలో చాలామంది మామూలు పిల్లలే. బడిలో వెనకబడతారు, మొద్దబ్బాయి అనిపించుకుంటారు, అంతే. గొంతు కాయను లెక్కపెట్టినన్నాళ్లూ ఈ పిల్లలు లెక్కలోకే రాలేదు.

కొండ ప్రాంతాల జబ్బు అన్న భ్రమ కూడా 1980ల్లోనే పోయింది. హిమాలయాలకు బయట మైదాన జిల్లాల్లో సర్వే చేస్తే అక్కడా గాయిటర్ దండిగా కనిపించింది. మన ఏజెన్సీ ప్రాంతాలు సరేసరి. 1984లో దేశమంతా తినే ఉప్పుకు అయోడిన్ కలపాలని కేంద్రం నిర్ణయించి, 1986 నుంచి దశలవారీగా మొదలుపెట్టింది. 1992లో కార్యక్రమం పేరులోంచి గాయిటర్ పోయి అయోడిన్ లోప రుగ్మతలు అన్న మాట వచ్చింది.

ఆయనకు దక్కిన గౌరవాల జాబితా పెద్దది. 1965లో భట్నాగర్ బహుమతి, 1971లో పద్మభూషణ్, 1986లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో. 1994లో సూరత్‌లో ప్లేగు కలకలం రేగినప్పుడు నిజం తేల్చే కమిటీకి ఆయన్నే పెద్దగా పెట్టారు. ఆఫ్రికా కంటే దక్షిణాసియాలో పిల్లలు ఎందుకు ఎక్కువ బక్కచిక్కి ఉంటారన్న ప్రశ్న మీద 1996లో మరో ఇద్దరితో కలిసి యునిసెఫ్‌కు ఒక వ్యాసం రాశారు. ఇంట్లో ఆడవాళ్లకు దక్కే తిండి, విలువ అందుకు పెద్ద కారణమని చెప్పిన ఆ వ్యాసాన్ని మా వైద్య విద్యార్థులు ఇప్పటికీ చదవాలని నా కోరిక.

మీ సంగతికి వద్దాం. ఈమధ్య చదువుకున్న ఇళ్లలోనే పింక్ సాల్ట్, సైంధవ లవణం, రాళ్లుప్పు ఎక్కువ చూస్తున్నాను. సహజమని కొంటున్నారు. ఆవకాయకు రాళ్లుప్పు వాడుకోండి, అభ్యంతరం లేదు. రోజూ కూరలో, పప్పులో పడేది మాత్రం అయోడిన్ ఉప్పయి ఉండాలి. ఇంటికి చేరిన ఉప్పులో పది లక్షల భాగాలకు కనీసం 15 భాగాల అయోడిన్ ఉండాలన్నది లెక్క. సముద్రపు ఉప్పు కదా, అందులో ఉండదా అని అడుగుతారు. ఆయన పుట్టిన శ్రీకాకుళం జిల్లాలోనే నౌపడ ఉప్పు మడులున్నాయి. సముద్రపు నీళ్లు ఎండబెట్టి తీసిన ఆ ఉప్పులోనూ సహజంగా మిగిలే అయోడిన్ ఏ మూలకూ చాలదు, విడిగా కలపాల్సిందే. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించండి, ఆ తగ్గించి వాడేది అయోడిన్ ఉప్పే కావాలి. అలాగని అయోడిన్ మాత్రలు సొంతంగా కొని మింగకండి, ఎక్కువైనా గ్రంథి మొరాయిస్తుంది.

థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్న అమ్మాయి గర్భవతి అయితే మాత్ర మానేయడం నేను తరచూ చూసే తప్పు. కడుపుతో ఉన్నప్పుడు మందులేమిటని ఇంట్లో పెద్దలు ఆపించేస్తారు. నిజానికి అప్పుడు మోతాదు పెంచాల్సి వస్తుంది. నెల తప్పిందని తెలియగానే డాక్టరు దగ్గరికి వెళ్లి టీఎస్‌హెచ్ చేయించండి. కాన్పయ్యాక, బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే థైరాయిడ్ పరీక్ష అయిందా లేదా అని నోరు తెరిచి అడగండి. మూడు నుంచి ఐదు రోజుల మధ్య చేస్తే మేలు. మన దేశంలో సుమారు వెయ్యిమందికి ఒక బిడ్డకు ఈ లోపం ఉంటుంది. తేలితే మాత్రను పొడిచేసి కాసిని తల్లిపాలలో కలిపి పట్టడమే వైద్యం, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. బిడ్డ బుద్ధిగా పడుకుంటోంది కదా అని ఆగకండి.

రామలింగస్వామి చివరి ఏళ్లలో ఒక చిత్రం జరిగింది. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదని 1998లో దేశమంతటా నిషేధం అమల్లోకి వచ్చింది. ఏ ఉప్పు తినాలో సర్కారు చెప్పడమేమిటన్న వాదన లేచింది. 2000లో కేంద్రం నిషేధాన్ని ఎత్తేసింది. ఆ మరుసటి ఏడాది, 2001 మే 28న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. నిషేధం మళ్లీ అమల్లోకి వచ్చింది 2006 మే నెలలో.